లేపడానికి మనిషున్న గది

ఏమండీ,

మీ మోకాళ్ల నొప్పులు అక్కడైనా తగ్గాయా? అత్తగారికి ఆయాసం రావడం లేదు కదా? మామగారికి చూపు ఆనుతోందా? ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు, నా బీపీ ఒక్కటే ఎక్కువ.

మన మనవరాలు సింధు మీలాగే రైలింజనెక్కింది, అసిస్టెంట్ లోకో పైలట్ అయింది. నిన్న మొదటిసారి రాత్రి డ్యూటీ మీద శహడోల్ వెళ్లింది. ఇప్పుడు మధ్యాహ్నం. డ్యూటీ దిగాక మీరు పడుకునే ఆ రన్నింగ్ రూమ్‌లోనే పడుకుని ఉండాలి. చేరానని మాత్రం ఫోన్ చెయ్యలేదు.

నిన్న దాన్ని స్టేషన్‌లో దింపడానికి వెళ్తూ ఆటోలోంచి క్రైస్తవుల శ్మశానం బోర్డు చూసి, "సెమెట్రీ అంటే ఏటే?" అని అడిగాను.

"పాత గ్రీకు మాట, మామ్మా. పడుకునే గది అని అర్థమట. శవప్పెట్టెని కాఫిన్ అంటారు కదా, ఆ మాటకీ బుట్ట అనే అర్థమట."

"డ్యూటీకెళ్తూ ఆ మాటలేటే?"

"అచ్ఛా, బెంగపడకు. నేను పడుకునే గదిలో లేపడానికి మనిషుంటాడు."

అప్పటినుంచీ పడుకునే గది అన్న మాట నన్ను వదలడం లేదు. మూడుసార్లు ఫోన్ తీసి, మళ్లీ పెట్టేశాను. ఒకప్పుడు నేను అలాగే ఫోన్ చేసి మిమ్మల్ని లేపితే, ఇంటికొచ్చి అన్నారు: "రెస్ట్‌లో ఉన్నోణ్ని లేపితే సిగ్నల్ కాడ కునుకొస్తాది. నీ బెంగ నువ్వే మొయ్యి." అందుకే దానికి ఫోన్ చెయ్యకుండా మీకు రాస్తున్నాను.

ఇప్పుడే ఫోన్ మోగింది.

"లేచాను మామ్మా. ఏటి చేస్తన్నావు?"

"ఏటీ లేదే, పడుకున్నాను," అన్నాను.

గురువారం దానికి రెస్ట్. మీ తిథీ ఆ రోజే. పొద్దున్నే ఇద్దరం అర్పా నది ఒడ్డుకు, మిమ్మల్ని నీళ్లలో కలిపిన చోటికి వస్తాం.