షాఫ్టుకి పెట్టిన పసుపు

జంగ్లీఘాట్, ఆదివారం

అత్తయ్యా, మీరు అడిగినది ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. చివరి రోజు మీ అమ్మాయి రాజకుమారి పొద్దున్న కాస్త జావ తాగింది. మీ గురించి మాట్లాడింది. మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. బాధపడలేదు.

మీ అబ్బాయి నూకన్న పడవలో పంకాని తిప్పే షాఫ్టు ఉప్పునీటికి, ఇసుకకి మళ్లీ అరిగింది. ఈసారీ నిలవకపోతే పడవ అమ్మేస్తానంటున్నాడు. అందుకని మా వర్క్‌షాపులో దానికి మంటతో కరిగించి చల్లే సిరామిక్ పూత వేశాను. పూతకి ముందు లోహాన్ని గరుకు చేశాక వేలు కూడా తగలకూడదు. నేను అటు తిరిగేసరికి మీ కోడలు కాళమ్మ నూనె కలిపిన పసుపు పూసేసింది.

"నూనె తగిలితే పూత ఊడిపోతుందమ్మా" అన్నాను.

"పసుపెట్టకుండా మంటకాడికి పంపుతారేటి అన్నియ్యా?" అంది.

"అక్కతోనే గెలవలేదు, దీంతో గెలుస్తావేటి బావా! ఫిర్ సే గీకెయ్" అన్నాడు నూకన్న. ముగ్గురం నవ్వాం.

మళ్లీ శుభ్రం చేసి వేశాను. పూత బాగా పట్టింది. చల్లారాక కాళమ్మ చేతే బొట్టు పెట్టించాను.

కంట్లో చుక్కలు మానకండి. వీలైతే కొత్త చింతపండు పంపండి. మామయ్యకి నమస్కారాలు.

రేపు పొద్దున్నే షాఫ్టు బిగించి, నూకన్నతో పాటు నేనూ సముద్రం మీదికి వెళ్తాను.

మీ అల్లుడు,
గోపినాథ్