తాతయ్య జారిపడ్డ మెట్టు

మార్చి 2

భావితరాలకు, పురావస్తు శాఖవారికి, వెళ్లిపోయిన దొరల ఆత్మలకు, ముఖ్యంగా నా డిగ్రీ సర్టిఫికెట్‌కు ముందుగా సాష్టాంగపడి క్షమాపణలు. ఈ పేజీల్లో ఒక పెద్దమనిషి పరువు తీయబోతున్నాను. మనసును కలచివేస్తోంది. ఆ బాధలోనే ఇందాక రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.

ఆ పెద్దమనిషి మా సీనియర్ గైడ్. గొంతు ఎంత గంభీరమంటే ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన గొంతుగారే. రోజూ పొద్దున ఏడింటికి టూరిస్టులను పాత రేవంతా నడిపిస్తాం. గిడ్డంగులు, లైట్‌హౌస్, మూతబడ్డ బ్యాంకు, చివర కస్టమ్స్ హౌస్ గడియార స్తంభం. ఆయన గొడుగెత్తి ముందు నడుస్తారు. నేను వెనక. ఆఫీసు భాషలో నా పోస్టు ‘తోక’. మలుపు మలుపుకీ తలలు లెక్కపెట్టడం, చెప్పుల షాపు దగ్గర ఆగిపోయిన ఆంటీలను బతిమాలి తీసుకురావడం నా డ్యూటీ. ఎం.ఏ. హిస్టరీ, ఫస్ట్ క్లాస్.

మార్చి 3

నేరం వివరాలు.

నేను చేరిన వారమే గొంతుగారు, టూరులో చెప్పడానికి నేను రాసుకున్న నోట్‌బుక్ అడిగారు. ఒకసారి చూసిస్తానయ్యా, కుర్రాళ్లు ఏం రాస్తున్నారో మాకూ తెలియాలిగా అన్నారు. రెండేళ్లయింది. ఇంకా చూస్తూనే ఉన్నారు. అక్షరం పొల్లుపోకుండా జనానికి అప్పజెబుతున్నారు కూడా.

ఆ స్తంభం మీది గడియారానికి నలభై ఏళ్లు కీ ఇచ్చింది మా తాతయ్య. వారానికోసారి, నూట పది చుట్లు. ఇప్పుడాయన గొంతుగారి తాతయ్య అయిపోయాడు. అక్కడితో ఆగినా సర్దుకునేవాణ్ణి. మెట్ల మూడో మలుపులో టోపీ తీసి, స్వరం దించి, ఇక్కడే మా తాతగారు జారిపడి కన్నుమూశారు, తాళంచెవి మాత్రం చెయ్యి వదల్లేదు అంటారు. ఆడవాళ్లు ఏడుస్తారు. మగవాళ్లు ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఏడుస్తారు.

ఆ టైముకి మా తాతయ్య ఇంట్లో పేపరు చదువుతూ ఉంటాడు.

మార్చి 9

కొత్తగా సాయంత్రం వాక్ మొదలవుతోందట. నేను నడిపిస్తానని మేనేజర్ మేడమ్‌ను అడిగాను. నీకు ఆ బిల్డింగులతో ఏం సంబంధం బాబూ, ఆయనకైతే రక్తసంబంధం అన్నారు మేడమ్. వాక్ ఆయనకే ఇచ్చేశారు.

నా నోట్‌బుక్ తెప్పించమంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. అనలేదు. ఫిర్యాదు చేయడం నా స్థాయికి తగదు. పగ తగుతుంది.

మార్చి 10

పథకాలు. ఒకటి, గొడుగుకు చిల్లి. రెండు, గొంతుకు ఐస్‌క్రీమ్. మూడు, చచ్చినవాణ్ణి టిక్కెట్టు కొని టూరుకు తీసుకెళ్లడం.

మూడోది ఖాయం.

మార్చి 12

నువ్వు పోయావని ఒకడు రోజూ ఊరంతా చాటుతున్నాడు అని తాతయ్యకు చెప్పాను. పేపరు దించకుండానే, ఎలా పోయానట్రా అన్నాడు. నువ్వే వచ్చి విను అన్నాను.

గడియారానికి కీ ఇచ్చే అసలు తాళంచెవి మా బీరువాలోనే ఉంది. పథకం ఇదీ: ఏడుపు సీను రాగానే నేను దగ్గుతాను. తాతయ్య జేబులోంచి తాళంచెవి తీసి, మరి ఇదేమిటి నాయనా అంటాడు. రెండుసార్లు రిహార్సల్ వేశాం. మీ ఇద్దరికీ వేరే పనేమీ లేదా అన్నాడు నాన్న.

మార్చి 14, పొద్దున 6.10

ఇస్త్రీ చొక్కా. జేబులో తాళంచెవి. గొంతుగారూ, ఇవాళ్టితో మీ పని సరి.

మార్చి 14, 11.30

మూడో మలుపు. టోపీ తీశారు. స్వరం దించారు. నేను దగ్గాను. తాతయ్య కదల్లేదు. మళ్లీ దగ్గాను. పక్కనున్న ఆంటీ, పాపం ఈ బాబుకి పొడిదగ్గు అంటూ నీళ్ల సీసా ఇచ్చింది. మూడోసారి పేగులు బయటికొచ్చేలా దగ్గాను.

తాతయ్య జేబులో చెయ్యి పెట్టాడు.

తీసింది చేతిరుమాలు. కళ్లు తుడుచుకుని, గొంతుగారి చెయ్యి పట్టుకుని, మీ తాతగారు అదృష్టవంతులు బాబూ, ఇంత బాగా తలుచుకునే మనవడున్నాడు అన్నాడు.

చప్పట్లు. నీళ్ల సీసా ఆంటీ అందరికంటే గట్టిగా కొట్టింది.

బస్సులో తాతయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెళ్లి చివరి సీట్లో కూర్చున్నాను.

మార్చి 15

ఉండబట్టలేక నిలదీశాను. తాతయ్య తాళంచెవికి నూనె రాస్తున్నాడు. అతని పరువు తీస్తే నీ నోట్‌బుక్ బయటికి రాదట్రా అన్నాడు. ఉద్యోగంలో చేరే ముందు నువ్వు గది తలుపేసుకుని ఆ చావు కథ గట్టిగా బట్టీపట్టావే, అప్పుడే అంతా విన్నాను అన్నాడు.

నాకు దగ్గు కూడా రాలేదు.

చంపితే చంపావు, పోనీ అన్నాడు. జారిపడ్డానని ఎందుకు రాశావురా, నలభై ఏళ్లలో ఒక్క మెట్టు తప్పలేదు నేను అన్నాడు.

మార్చి 16

గొంతుగారు ఒక్క అక్షరం కూడా సొంతంగా కలపలేదు. ముప్పై రెండో పేజీ, నా దస్తూరీ.

తాతయ్య జారిపడలేదు. టూరిస్టులు ఏడవాలని నేనే తోశాను.