చిల్లర లేదన్నాను

మంగళవారం, డ్యూటీ దిగాక

ఈరోజు నా నకిరేకల్ బస్సులో మరిది ఎక్కాడు, వెంట మా అత్త. మా ఆయన పోయి నెల తిరక్కముందే నన్నూ, చంటిబిడ్డనూ ఇంట్లోంచి గెంటినవాడు వీడే. అత్తకు ఆడవాళ్ల ఫ్రీ టికెట్ కొట్టిచ్చాను. వాడు ఐదువందల నోటు చాపాడు.

"చిల్లర లేదు. దిగు," అన్నాను.

"గీ ఎండల యాడికి పోవాలె వదినా? నీ సంచి నిండ చిల్లరే ఉన్నది గదా."

"నాడు నేను గూడ గట్లనే అడిగిన, యాడికి పోవాలెనని."

విజిల్ వేసి పత్తిచేల మధ్య బస్సు ఆపించాను. తల వంచుకుని దిగాడు. నాకు జాలి కలగలేదు, కడుపు నిండినట్టయింది. డిపోలో ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగానికే ముప్పు. అయినా సరే, చేసుకోనీ.

అత్త దిగలేదు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని గొణిగింది.

"నన్ను సుత దింపు బిడ్డా. నాడు వాడు నిన్ను ఎల్లగొడుతుంటె నేను నోరు మెదపలే."

నేను దింపలేదు.

"గదే మాట అందరికి ఇనవడేటట్టు చెప్పు," అన్నాను.

సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. గట్టిగా చెప్పింది. బస్సంతా వింది.