ఎడమ మోకాలి సంగతి

అన్నయ్యకు,

నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క నీ కూతురి ఎడమ మోకాలు తప్ప. నువ్వెలా ఉన్నావని అడగను. పోయిన ఉత్తరంలో నన్ను తిట్టిన తీరు చూస్తేనే తెలుస్తోంది, నీ ఆరోగ్యం దివ్యంగా ఉందని. ఫోనులో అయితే నా మాట సగంలోనే తుంచేస్తావు. కాగితం మీద అడ్డు రాలేవు కదా, అందుకే రాస్తున్నాను.

నువ్వడిగిన వాటికి జవాబులు చెప్తాను. "సెలవులకు పంపిస్తే పిల్లను ఆస్పత్రికి ఎందుకు లాక్కెళ్ళావు?" అన్నావు. నేను పనిచేసేదే ఆ ఆస్పత్రి ఎమ్మారై గదిలో. పద్నాలుగేళ్ళ పిల్ల మా ఇంటి మెట్లు గోడ పట్టుకుని ఎక్కుతుంటే చూస్తూ కూర్చోమంటావా? "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మళ్ళీ ఈ గోలేంటి?" అన్నావు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. ఎముక చివర నున్నగా తొడుగులా ఉండే కార్టిలేజ్ అందులో కనబడదు. దానికి ఎమ్మారై తీయాలి. ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కలేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకు లాంగ్‌జంప్ నేర్పుతున్నావు, మోకాలంటే తలుపు మడతబందు అనుకున్నావా?

"స్కానులో కూడా ఏమీ లేదటగా, అది నాటకాలాడుతోందని ముందే చెప్పాను" అని కూడా రాశావు. అక్కడ నాకు ఒళ్ళు మండిపోయింది. స్కానులో ఏమీ లేదని నీ కూతురు మిడతే వదినకు ఫోనులో చెప్పిందట. అది నిజమే. మిగతాది అది చెప్పలేదు, నేను చెప్తాను విను.

మిడత మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ కుంటుతున్నది కుడికాలితో. ఎముకల డాక్టరుకూ కుడి మోకాలే చూపించింది. ఆయన కుడి అని రాశాడు, నేను కుడికాలే పెట్టాను. జడపిన్నులు, కమ్మలు తీయించి, బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి చుట్టూ కాయిల్ అనే డొప్ప బిగించి, కదలొద్దన్నాను. ఆ మిషను చప్పుడుకు పెద్దవాళ్ళే బెదిరిపోతారు. అది వేలు కూడా కదపలేదు. తెర మీద మోకాలు చూస్తే ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వన్నదే నిజమేమో, పిల్ల బద్ధకిస్తోందేమో అని కూడా అనుకున్నాను.

నేను గాజు అద్దానికి ఇవతల ఉండగా అది బల్ల దిగింది. ఎవరూ చూడట్లేదనుకుంది. నొప్పి అన్న కుడికాలి మీదే బరువంతా మోపి, ఎడమకాలు నేలకు తగలనీయకుండా గెంతుకుంటూ చెప్పుల దాకా వెళ్ళింది.

లోపలికెళ్ళి, "ఏ కాలే నొప్పి?" అన్నాను.

"కుడిదే అత్తా."

"మరి కుడికాలి మీదే గెంతావేంటే?"

అంతే, బావురుమంది. "నేను నేల తన్ని ఎగిరేది ఎడమకాలితోనే కదత్తా. అది నొప్పంటే నాన్న ఊరుకోడు. కుడిదంటే కాసేపు తిట్టి వదిలేస్తాడు. అందుకే కుడికాలితో కుంటడం అలవాటు చేసుకున్నా."

విన్నావా? నీ దగ్గర అది నేర్చుకున్న విద్య ఇది. ముద్దుగా మిడత అని పేరు పెట్టుకున్నావు, రోజూ మైదానంలో దాని అడుగులు చూస్తూ నిలబడ్డావు. నీ కళ్ళేమయ్యాయి? సిగ్గుగా లేదా నీకు?

డాక్టరుకు ఫోను చేసి, ఆయన సరేనన్నాక అప్పుడే ఎడమకాలు తీశాను. సాఫీగా ఉండాల్సిన కార్టిలేజ్ ఒకచోట ఉబ్బి చిట్లడం మొదలైంది. దాని కింద ఎముక వాచి, తెర మీద తెల్లగా మెరుస్తోంది. స్కాన్లు చదివే డాక్టరమ్మ చూసి, "ముక్క ఇంకా ఊడలేదు. ఇప్పుడే ఆపితే ఈ వయసులో మానే అవకాశముంది. ఇంకా ఎగిరిస్తే ఊడి కీల్లో పడుతుంది, అప్పుడు ఆపరేషనే" అంది.

కాబట్టి, "ఎంపిక పోటీలకు ఎప్పుడు పంపిస్తున్నావు?" అన్న నీ ప్రశ్నకు జవాబు, పంపించడం లేదు. డాక్టర్లు సరేననేదాకా అది ఎగరదు. ప్రస్తుతం ఊతకర్రలతో నడుస్తోంది. వచ్చి లాక్కెళ్తానంటే రా, గుమ్మంలో నేనే ఉంటాను. ఈ ఉత్తరం వదినకు చూపించు. దాచావని తెలిస్తే ఆవిడతో నేనే మాట్లాడతాను.

ఇక ఒప్పుకోక తప్పనిది ఒకటుంది. నీ కోసం అబద్ధమాడానని చెప్పుకోవడానికి నాకే కంపరంగా ఉంది. నిన్న మిడత, "నాన్న ఉత్తరంలో ఏం రాశాడత్తా?" అని అడిగింది. నీ ఉత్తరంలో పోటీల గురించి ఉంది, నా తలపొగరు గురించి ఉంది, నలుగురిలో నీ పరువు గురించి ఉంది. దానికి నొప్పిగా ఉందా అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. అది నా మొహంలోకే చూస్తోంది. "బాగా నొప్పిగా ఉందా తల్లికి అని మొట్టమొదట అదే అడిగాడే" అన్నాను.

నమ్మేసింది. ఎప్పుడూ లేనంతగా మొహం వెలిగిపోయింది. ఆదివారం పొద్దున్న నువ్వు ఫోను చేస్తావని కూడా చెప్పాను. చెయ్యి. నీ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే అయ్యుండాలి. పోటీ ఊసెత్తావో, ఫోను లాక్కుని నువ్వు నిజంగా ఏం రాశావో దానికి చదివి వినిపిస్తాను.

నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చుంటే, పక్కకొచ్చి నిలబడి అదేమందో తెలుసా? "అంత నొప్పేం లేదని రాయత్తా. నాన్న కంగారు పడతాడు."

ఇట్లు,
మిడత మేనత్త