అంకితం పేజీలో మీ నాన్న పేరు

సూస్, రంజాన్ చివరి వారం

హాతెమ్,

నువ్వు అచ్చువేసి పంపిన పుస్తకం చివరిదాకా చదివాను. అట్ట చూసి అచ్చుకిచ్చే అలవాటు నీది, నాది కాదు. నాజీలు యూదుల్ని చంపనేలేదట. అందుకు రచయిత చూపిన ఆధారాలన్నీ అతని స్నేహితుల పుస్తకాలు. తెప్పించి చూస్తే, వాళ్లకు ఆధారం ఇతని పుస్తకం!

"రెండు వైపులా వినాలి కదా బాబాయ్" అన్నావు ఫోన్లో. కలల ఫలితాల పుస్తకాలు అమ్మి మేడ కట్టినప్పుడు నేనేమీ అనలేదు. ఈ చెత్తను మాత్రం "నిజం చెప్పడం నేర్పిన మా నాన్న సాదొక్‌కు" అంకితమిచ్చావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

జర్మన్లు ఊళ్లో ఉన్న ఆ చలికాలం మీ నాన్న మన వీధి యూదుల పిల్ల ఓదెత్‌నూ వాళ్లమ్మనూ మీ నూనె గానుగలో దాచాడు. రొట్టెలు నేను మోశాను. ఓదెత్ అన్నను మాత్రం దాచలేకపోయాం. జర్మన్లు అతన్ని తునిస్‌లో విమానమెక్కించి తమ శిబిరాలకు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. చేసిన మేలు చెప్పుకోవడం మీ నాన్నకు సిగ్గు, అందుకే నీకు తెలియదు.

ప్రతి పండగ పొద్దున్నా ఓదెత్ మన ఆడవాళ్లలాగే ఆయన సమాధి మీద పచ్చకొమ్మలు పెట్టి నీళ్లు చల్లుతుంది. నిన్న నీ పుస్తకం పట్టుకొచ్చి, "అన్నయ్యా, ఈసారి నన్ను రానిస్తారా, లేక నా సంగతీ కట్టుకథేనా?" అంది.

రమ్మన్నాను. నువ్వూ రా. వాళ్లన్నను ఎవరూ ఏమీ చెయ్యలేదని ఆ సమాధి ముందు నిలబడి ఆమెతో చెప్పు. నోరు రాకపోతే, దుకాణాల నుంచి పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించు. చెప్పగలిగితే, ఇక నా గడప తొక్కకు.

మీ నాన్న స్నేహితుడు