చిరిగేదాకా మీ చొక్కా

ఏవండీ,

నిన్న మీ జ్ఞాపకార్థ కూడికకి మీ తమ్ముడు ప్రకాష్ యూనిట్ నుంచి సెలవు మీద వచ్చాడు. మిలటరీలో యూనిఫాం మార్చేశారు. ఇప్పుడు చొక్కా ప్యాంటు పైకి వదిలెయ్యాలట. ఇంట్లో కూడా టక్ చేసుకుని తిరిగిన మీరు వింటే ఎంత గొడవ చేసేవారో!

ప్రకాష్ సైజు మాత్రం ఇంకా రాలేదు. జగ్గయ్యపేటలో కుట్టిద్దామంటే ఆ గుడ్డ బయట అమ్మకూడదట. వచ్చేదాకా పాతవే వేసుకోమన్నారు. తన పాత చొక్కా మోచేతుల దగ్గర చిరిగిపోయింది. బీరువాలోంచి మీ యూనిఫాం చొక్కా తీసి ఇచ్చాను.

అత్తయ్య అడ్డం వచ్చారు. "పోయినోడి బట్టలు తోడబుట్టినోడికి తొడిగిస్తావా? ఊళ్ళో ఏమనుకుంటారే?"

"అనుకోనీండి అత్తయ్యా. చిల్లకల్లు ఊరంతా పారెయ్యమన్నా ఆయన పోయిన రోజు పారెయ్యలా. ఇప్పుడు బీరువాలో చివికిపోనిస్తానా?"

మీ పేరున్న పట్టీ విప్పి ప్రకాష్ పేరు కుట్టాను. మీ పట్టీ మాత్రం ఎవరికీ ఇవ్వను.

ప్రకాష్ తొడుక్కుని, చొక్కా బిగించి లోపలికి దోపుకున్నాడు, అచ్చం మీలాగే. అత్తయ్య దగ్గరికొచ్చి కాలరు సర్దారు.

"కొత్తవి రాగానే ఇది పంపించేస్తా వదినా."

"పంపితే ఊరుకోను. చిరిగేదాకా వెయ్యి. మీ అన్నకింకా సర్వీసుంది."