దొరగారి మందు సీసా

జూన్ 14, శుక్రవారం

చిరంజీవి మరిదికి,

మీ వదిన ఆశీస్సులు. మేమంతా క్షేమం, నీ క్షేమం కోరుతున్నాం అని మొదలుపెట్టడం మర్యాద. ఇక్కడ క్షేమంగా లేం కాబట్టి ఆ మాట రాయడం లేదు. నీ క్షేమం సంగతి కూడా ఈ పూటకి నాకు పట్టదు. నాలుగు రోజులుగా ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు నువ్వు. ఉత్తరమైతే ఎత్తకుండా వదిలేయడానికి కుదరదుగా! అందుకే కళ్లద్దాల కొట్లో భోజనాల వేళ, బిల్లు కాగితాలు తిరగేసి రాస్తున్నాను.

దొరగారు ఆస్పత్రిలో ఉన్నారు. ముందరి కాలికి సెలైన్ పెట్టారు. నన్ను చూస్తే లేచి, తోక నిలబెట్టి, ఏమే ఇంతాలస్యం అన్నట్టు అరిచే మనిషి (పిల్లి అని రాయడానికి చెయ్యి రావడం లేదు) నిన్న కళ్లు తెరిచి, చూసి, మళ్లీ మూసుకున్నారు.

నీకు అప్పగించిన పనేమిటి? మా అమ్మకి తుంటి ఎముక ఆపరేషన్. మీ అన్నయ్యా నేనూ వెళ్లక తప్పదు. మా ఇంట్లో ఉండి, రెండు పూటలా దొరగారికి ఇన్సులిన్ వెయ్యి అన్నాను. అంతే కదా? అలమరా చేసిపెట్టమనలేదు. ఆ సంగతికొస్తే, నువ్వు చేసిన వంటింటి అలమరాకి ఇప్పటికీ ఒకటే తలుపు. రెండోది వచ్చే ఆదివారం బిగిస్తానన్నావు. ఏ ఆదివారమో చెప్పలేదు. నీకు పని అప్పగించినప్పుడే నాకు బుద్ధి ఉండాల్సింది.

నీకు నేర్పడానికి ఎంత తంటాలు పడ్డాను! సీసాని ఊపకు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించు అన్నాను. ముందు తిననివ్వు, తినకపోతే సూది వెయ్యకు, వెంటనే నాకు ఫోన్ చెయ్యి అన్నాను. మెడ వెనక చర్మం గుడారంలా పైకి లేపి, దాని కింద గుచ్చమని తడి తువ్వాలు మడిచి చూపించాను. ఇదేనా వదినా, మేకు కొట్టడం కంటే తేలిక అని నవ్వావు. నాకైతే మొదట్లో సూది పక్కకి పోయి, సగం మందు బొచ్చు మీదే పోయేది. కుండెడు నీళ్లు తాగుతూ, గిన్నెడు తింటూ, అయినా చిక్కిపోతున్న జీవాన్ని చూసి ఏడ్చి ఏడ్చి నేర్చుకున్న పని అది. నీకు నవ్వులాటయింది.

తిరిగొచ్చిన రోజు నేను మర్చిపోను. తలుపు తీస్తే దొరగారు ఎదురురాలేదు. స్నానాలగదిలో తడి నేల మీద, నీళ్ల గిన్నెకి గడ్డం ఆనించి పడుకుని ఉన్నారు. లేపితే వెనక కాళ్లు మడమల దాకా నేలకి ఆనించి ఈడుస్తూ నడిచారు. నోటి దగ్గర ముక్కు పెడితే మగ్గి కుళ్లిన పండు వాసన. సూదులు వేశావా అని అడిగాను. రెండు పూటలా వేశాను వదినా, తిన్నాకే వేశాను అన్నావు. మరి ఇదేమిటయ్యా అబద్ధాలకోరా అని అరిస్తే మీ అన్నయ్య వైపు చూశావు. తర్వాత నేల వైపు చూశావు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయావు.

పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, మీరు వెళ్లిన దగ్గర్నుంచీ ఒంట్లో మందు పడనట్టే ఉందమ్మా అంది. ఇక నాకు వేరే సాక్ష్యం ఎందుకు? అత్తయ్యకి ఫోన్ చేసి నీ నిర్వాకం అంతా చెప్పాను. కొట్లో వాళ్లకీ చెప్పాను. మీ అన్నయ్య మాత్రం, పోనీలే, పిల్లే కదా, వాణ్ణేమీ అనకు అన్నారు. పిల్లే కదా అన్న ఆ మాటకి నా ఒళ్లు భగ్గుమంది. ఆ మంట కూడా నీ ఖాతాలోనే వేసుకో.

నాకు మరీ కడుపు రగిలేది ఎక్కడో తెలుసా? గుప్పెడంత కూనగా ఉన్నప్పుడు, నీ సంచిలో రంపానికీ ఉలికీ మధ్య నుంచి తీసి, వదినా, నీకు తోడు అని దాన్ని నా ఒళ్లో వేసింది నువ్వే. నీ చేతులతో తెచ్చిన ప్రాణం అది. వెయ్యకపోతే వెయ్యలేదని చెప్పు, అరుస్తాను, అయిపోతుంది. మొహం మీద అబద్ధమాడిన మనిషితో నాకు మాటల్లేవు. ఇక నా గడప తొక్కకు.

ఇట్లు,
మొన్నటిదాకా నిన్ను సొంత తమ్ముడనుకున్న
మీ వదిన

తా.క. శనివారం పొద్దున రాస్తున్నాను. ఉత్తరం ఇంకా పోస్టు డబ్బాలో వెయ్యలేదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ మందు సీసా తెమ్మంది. దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి, ఇది ఎప్పుడైనా గడ్డకట్టిందా అని అడిగింది. లేదండీ, ఎప్పుడూ ఫ్రిజ్ తలుపు అరలోనే పెడతాను అన్నాను. పక్కనున్న మీ అన్నయ్య అక్కడే, ఆవిడ ముందే అసలు సంగతి బయటపెట్టారు. మేం బయల్దేరిన పూట, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని సీసాని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టారట. నువ్వు గడ్డకట్టిన మందు చూసి ఫోన్ చేస్తే, కరిగాక వాడు, మీ వదినకి చెప్పకు, ఆపరేషన్ గొడవలో ఉంది, కంగారుపడుతుంది అన్నారట. పిల్లి నీరసిస్తోందన్నయ్యా అని మళ్లీ చేస్తే, వదిన లేక బెంగ అన్నారట. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచెయ్యదట. చచ్చిపోయిన మందుని నువ్వు ఏ పూటా తప్పకుండా వేశావు.

ఆయనకిచ్చిన మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నేను నిన్ను అబద్ధాలకోరని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే, ఆయన చేతిలో ప్రయాణపు పెట్టె పట్టుకుని నిలబడ్డారు తప్ప నీ కోసం నోరు మెదపలేదు.

ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపను. ఇందులో కోపం సరైనదే, చిరునామాయే తప్పు. రాత్రి ఆయన్ని కూర్చోబెట్టి, 'నువ్వు' ఉన్నచోటల్లా 'మీరు' పెట్టి మొదటి నుంచీ చదివాను. అలమరా సంగతి మాత్రం వదిలేశాను, అది నీదే. తర్వాత అత్తయ్యకి ఆయన చేతే ఫోన్ చేయించాను. పక్కనే నిలబడి విన్నాను.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. ఆయన చెప్పొద్దంటే మాత్రం? నాకొక్క ఫోన్ చేసి ఉంటే ఆ సీసా పారెయ్యమని చెప్పేదాన్ని కదా! దొరగారు ఇంత అవస్థ పడేవారా?

కొత్త సీసా మందుతో చక్కెర దిగుతోంది. ఇవాళ కాస్త తిన్నారు కూడా. సోమవారం ఇంటికి పంపిస్తామన్నారు. సాయంత్రం పూట నేను కొట్లో ఉంటాను. మీ అన్నయ్య చేతికి ఆ సీసా ఇవ్వను. సూది వెయ్యడానికి నువ్వు రావాలి. వేశాక వెళ్లిపోకు, నేను వచ్చేదాకా ఉండు. నువ్వు నన్ను ఎంతసేపు తిడితే అంతసేపు వింటాను.